కర్రపెండలం పిప్పి – జొన్న నాము: మెట్ట ప్రాంతాల పశుగ్రాస చరిత్రలో ఒక పరిశీలన

తెలుగు నేలలో కర్రపెండలం పశువుల మేతగా మారిన తీరు పంట చరిత్రలో కంటే మిల్లు చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుంది. గోదావరి మెట్టలో పెద్దాపురం, సామర్లకోట పరిసరాల పశువులకు ఇది పరిచితమైన మేత. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి వంటి దక్షిణ తెలంగాణ మెట్ట గ్రామాలలో మాత్రం పశువుల తొట్టి జొన్న చొప్ప, వరిగడ్డి, తవుడు, పత్తిగింజల చెక్కలతోనే నిండింది. ఈ తేడాకు నేల స్వభావాన్ని కారణంగా చూపడం తేలిక. కానీ పెద్దాపురం ఎర్ర నేలలకూ, నార్కట్‌పల్లి చల్క నేలలకూ మధ్య కర్రపెండలాన్ని పూర్తిగా దూరం పెట్టేంత అంతరం లేదు. కారణాలను మరోచోట వెదకవలసి ఉంది.

దక్షిణ అమెరికాకు చెందిన ఈ దుంపను పోర్చుగీసువారు భారత పశ్చిమ తీరానికి తెచ్చారు. తిరువాన్కూరును 1880 నుండి 1885 వరకు పాలించిన విశాఖం తిరునాళ్ దీని సాగును ప్రోత్సహించాడు. అక్కడ అది పేదల అన్నమైంది. 1942లో బర్మా జపాన్ వశమై బియ్యం దిగుమతులు ఆగిపోయినప్పుడు ఆ సంస్థానాన్ని ఆదుకున్న ఆహారాలలో కర్రపెండలం ముఖ్యమైనది. ఆ యుద్ధమే ఆగ్నేయాసియా నుండి వచ్చే సగ్గుబియ్యాన్నీ ఆపివేసింది. ఆ లోటులోనే తమిళనాట సేలంలో కర్రపెండలపు పిండితో సగ్గుబియ్యం చేసే పరిశ్రమ పుట్టింది. గోదావరి మెట్టలోనూ ఇదే దుంప, ఇదే పరిశ్రమ స్థిరపడ్డాయి. అందువల్ల తెలుగువారికి కర్రపెండలం అన్నంగా కాక, ప్రధానంగా మిల్లు సరుకుగా పరిచయమైంది.

మిల్లులో దుంపను కడిగి, తొక్క తీసి, తురిమి, నీటితో వడకడతారు. పాలవంటి ద్రవం తొట్లలో పేరుకొని పిండి అవుతుంది. మిగిలేవి తొక్క, పిప్పి. పిప్పిలో మాంసకృత్తులు అతి స్వల్పం, పిండి పదార్థం మాత్రం ఇంకా గణనీయంగా ఉంటుంది. అంటే అది శక్తినిచ్చే మేతే గాని, చెక్కకు బదులు కాదు. పైగా మిల్లు నుండి వెలువడిన పిప్పి బరువులో అధిక భాగం నీరే. ఎండబెట్టకపోతే త్వరలోనే పులుస్తుంది, బూజు పడుతుంది. అలాంటి సరుకును బండిమీద నాలుగు ఊళ్లు దాటించవచ్చు; గోదావరి నుండి నల్లగొండకు తేవడమంటే నీటికి కిరాయి కట్టడమే. తడి పిప్పి మిల్లు చుట్టుపక్కల పాడి రైతుదే అయింది.

ఇక విషం సంగతి. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞులు ఈజిప్టులో పెరిగిన లేత జొన్న మొక్కల నుండి ధురిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, పశువులను చంపుతున్నది దాని నుండి వెలువడే హైడ్రోసయనిక్ ఆమ్లమని తేల్చారు. 1906లో వారే ఆల్డ్‌తో కలిసి కర్రపెండలంలోని విషానికి మూలమైన పదార్థాన్ని గుర్తించారు. దానినే నేడు లినమారిన్ అంటున్నారు. తెలంగాణ మెట్ట పంటకూ, గోదావరి మెట్ట దుంపకూ ఉన్న ఈ రసాయన బంధుత్వం పశుగ్రాస చరిత్రలో తగినంతగా చర్చకు రాలేదు.

తెలంగాణ పశుపోషకునికి ఆ విషం కొత్తది కాదు. దానికి అతని భాషలో పేరుంది: నాము. వానలు వెనుకపట్టి గిడసబారిన జొన్న, కోసిన మోళ్ల నుండి చిగిర్చిన పిలకలు పశువుకు ప్రాణాంతకం. పూత దశ దాటాక ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆకలిగా ఉన్న మంద నాము చేలో పడితే కొద్ది నిమిషాల్లోనే కడుపుబ్బరం, ఎగశ్వాస, వణుకు మొదలై పశువులు కూలిపోతాయి. నెమరువేసే జంతువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆ విషాన్ని వేగంగా విడుదల చేయడమే దీనికి కారణం. పచ్చి పెండలపు ఆకును, తొక్కను విచ్చలవిడిగా మేసిన మేకకూ జరిగేది ఇదే. రెండింటికీ పశువైద్యుడు ఎక్కించే మందులు కూడా అవే: సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్. మందు అందేలోపే పశువు పోవడం అరుదు కాదు.

విషం ఒకటే అయినా దానిని ఎదుర్కొన్న పద్ధతులు వేరు. నాము విషయంలో తెలంగాణ కాపరి నేర్చినది తప్పించడం: మందను ఆ చేనివైపు పోనీయకపోవడం, చొప్ప ముదిరేదాకా ఆగడం. కర్రపెండలం కోరేది శుద్ధి. తురమడం, నానబెట్టడం, ముక్కలు చేసి ఎండబెట్టడం, పాతర వేయడం వంటి పనులతో విషం చాలావరకు ఆవిరై, నీటిలో కలిసి పోతుంది. గోదావరి మెట్టలో ఆ శుద్ధిలో పెద్ద భాగాన్ని మిల్లే చేసిపెట్టింది. పిండి కోసం చేసిన తురుము పశువుకు రక్ష అయింది. (ఆ విషం కొంత మిల్లు నీటిలోకే చేరుతుందన్నది మరవరాదు, ఆ నీరు పశువులు తాగదగినది కాదు.)

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలకు అలాంటి మిల్లు దక్కలేదు. ఇక్కడి చల్కలలో విస్తారంగా పండిన వాణిజ్య పంట ఆముదం. గానుగాడించి నూనె తీశాక మిగిలే ఆముదపు చెక్కలో రిసిన్ అనే విషం ఉంటుంది. అది పొలానికి ఎరువైంది గాని పశువుకు దాణా కాలేకపోయింది. ఒక మెట్ట పరిశ్రమ మిగిల్చినది తొట్టిలోకి వెళ్లింది, మరొక మెట్ట పరిశ్రమ మిగిల్చినది చేనిలోకి వెళ్లింది. ఆధునిక పశుగ్రాస ప్రణాళికలు పోషక విలువల పట్టికలతో మొదలవుతాయి, ఈ తేడాను గమనించవు.

వాన, కాలం కూడా కలిసివచ్చాయి. ఎనిమిది నుండి పది నెలలు చేలో నిలిచే పంట, ఖరీఫ్ కోతల తర్వాత చేలను పశువులకు వదిలే ఊళ్లో ఇమడడం కష్టం. కంచె లేని చేలో అది పంటగా మిగలదు, మందకు ముప్పుగానూ మారుతుంది.

పరిశోధన లేక ఈ పంట రాలేదనడానికీ వీలులేదు. 1963లో తిరువనంతపురంలో కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఏర్పడింది. 1968లో మొదలైన అఖిల భారత సమన్వయ పథకానికి హైదరాబాద్ శివార్లలోని రాజేంద్రనగర్‌లోనూ కేంద్రం ఉంది. నార్కట్‌పల్లికి పరిశోధన కేంద్రం దగ్గరే, మిల్లే దూరం.

దూరాన్ని జయించిన ఉదాహరణ ఒకటుంది. థాయ్‌లాండ్ 1970లలో ఎండు కర్రపెండలపు ముక్కలను, గుళికలను నౌకలకెత్తి ఐరోపా పందుల దాణాకు పంపింది. ఐరోపా ఆర్థిక సమాజం తన రైతుల కోసం ధాన్యపు ధరను ఎత్తుగా నిలిపినందువల్లే ఈ వ్యాపారం సాగింది. 1982లో ఎగుమతులకు పరిమితి ఒప్పందం కుదిరింది. 1992 సంస్కరణలతో అక్కడి ధాన్యం చౌక కాగానే గిరాకీ పడిపోయింది.

నార్కట్‌పల్లి పాడి రైతుకు ఎండు పెండలపు ముక్క ఎప్పుడైనా చేరితే, దాని ధరను అతడు మొక్కజొన్న ధరతో పోల్చి చూస్తాడు. మాంసకృత్తుల లోటు పూడ్చడానికి అదనంగా వేయవలసిన చెక్క ఖర్చును కూడా ఆ లెక్కలో కలుపుకుంటాడు.