ఓటు యంత్రపు మెమరీ: హైదరాబాదు నుంచి సుప్రీంకోర్టు దాకా

చార్మినార్, యాకుత్‌పురా, బహదూర్‌పురా పోలింగు కేంద్రాలలో పాతబస్తీ ఓటరు నొక్కే మీట వెనుక ఉన్న యంత్రాన్ని దేశంలో రెండే సంస్థలు తయారు చేస్తాయి. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. రెండవది 1967లో ఎ.ఎస్.రావు కృషితో హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. 2004 నాటికి లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా ఈ యంత్రాలతోనే జరిగాయి. అయితే ఓటు నిలిచే మెమరీని ఎవరు, ఎలా చదవవచ్చన్న ప్రశ్న తయారీ సంస్థ గోడలు దాటి బయటికి రావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

దానిని బయటికి తెచ్చినదీ హైదరాబాదే. 2010లో ఈ నగరవాసి హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రైప్ తదితరులతో కలిసి ఒక యంత్రాన్ని విప్పి పరిశీలించాడు. ప్రోగ్రామును తిరిగి చదవడం కుదరకుండా ప్రధాన చిప్పును రూపొందించారు. ఓట్లు మాత్రం విడిగా ఉన్న రెండు ఈప్రామ్ చిప్పులలో, సంకేతీకరణ లేకుండా ఉన్నాయి. ఈప్రామ్ అంటే ఫ్లాష్ మెమరీకి దగ్గరి చుట్టం: విద్యుత్తు పోయినా రాసినది పోదు. చిప్పు కాళ్లకు చిన్న క్లిప్పు తగిలిస్తే ఆ సమాచారాన్ని చదవవచ్చు, మార్చనూ వచ్చునని వారు చూపారు. ఇందుకు యంత్రం చేతికి చిక్కాలి గనుక తమ భద్రతా ఏర్పాట్లు చాలునని ఎన్నికల సంఘం వాదించింది. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ అది యంత్రం గురించిన జవాబు కాదు, కాపలా గురించిన జవాబు. అదే ఏడాది ఆగస్టులో, పరిశీలించిన యంత్రం ముంబయి అధికారుల అధీనం నుంచి చోరీ అయినదన్న కేసులో హరిప్రసాద్ అరెస్టయి, వారానికి బెయిలుపై విడుదలయ్యాడు.

2013 తర్వాత కాగితపు చీటీ ముద్రించే వీవీప్యాట్ వచ్చి చేరింది. అభ్యర్థుల పేర్లను, గుర్తులను ఎన్నికకు ముందు మరో పరికరంతో దాని ఫ్లాష్ మెమరీలోకి ఎక్కిస్తారు. అంటే ఈసారి మెమరీలోకి దారి నియమబద్ధంగానే ఏర్పడింది. చంద్రబాబునాయుడు తదితరుల పిటిషన్‌పై 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు వీవీప్యాట్ల చీటీలు లెక్కించాలన్నది. ఏడు సెగ్మెంట్ల హైదరాబాదు లోక్‌సభ స్థానంలో అవి 35.

2024 ఏప్రిల్ 26 నాటి తీర్పు మరొక అడుగు వేసింది. ఫలితం వెలువడిన ఏడు రోజులలోగా, రెండు, మూడు స్థానాలలో నిలిచిన అభ్యర్థులు లిఖితపూర్వకంగా కోరితే, ప్రతి సెగ్మెంటులో 5 శాతం యంత్రాల మెమరీని, మైక్రోకంట్రోలరును తయారీదారుల ఇంజనీర్లు పరిశీలించాలి. ఒక సెగ్మెంటులో 300 యంత్రాలుంటే 15 అన్నమాట. ఆ ఎన్నికల తర్వాత తెలంగాణలో జహీరాబాదు, ఆంధ్రలో విజయనగరం స్థానాల నుంచి దరఖాస్తులు వెళ్లాయి. తీరా ఎన్నికల సంఘం అప్పట్లో రూపొందించిన విధానంలో ఉన్నది నమూనా పోలింగే. మెమరీని చదివే పని అందులో లేదు. నమూనా పోలింగు యంత్రం నేడు సరిగా పనిచేస్తుందని చెప్పగలదు, పోలింగునాడు అందులో ఏమున్నదో చెప్పలేదు. ఈ విధానంపై వచ్చిన పిటిషన్ల విచారణలో, పరిశీలన వేళ యంత్రంలోని సమాచారాన్ని చెరపవద్దని, కొత్తది ఎక్కించవద్దని 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఎన్నికల సంఘానికి చెప్పింది.