నోటితో వండిన వంట: తెరెజిన్ చేతిరాత పుస్తకం

వంటను మనోవ్యథకు ఉపశమనంగా, సృజనాత్మక చికిత్సగా పరిగణించడం ఇటీవలి ధోరణిగా కనిపిస్తుంది. అయితే పొయ్యి గానీ, సరుకులు గానీ లేనిచోట సైతం వంట ఆ పని చేసిన సందర్భం చరిత్రలో ఉంది. అది రెండవ ప్రపంచయుద్ధకాలపు తెరెజిన్.

ప్రాగ్ నగరానికి ఉత్తరాన ఉన్న ఈ కోట పట్టణాన్ని నాజీలు 1941 నవంబరులో యూదుల నిర్బంధస్థలంగా మార్చారు. అక్కడికి తరలించిన దాదాపు 1,40,000 మందిలో సుమారు 33,000 మంది ఆకలితో, రోగాలతో అక్కడే మరణించారు. శ్రమ చేయగలవారికన్న వృద్ధులకు తిండి తక్కువగా అందేది. అట్టి వృద్ధులలో మినా పెఖ్టర్ ఒకరు. ఆమె, తోటి స్త్రీలు ఒకప్పుడు తమ ఇళ్లలో చేసిన నింపిన కోడిగుడ్లు, కేకులు, పిండి ఉండల తయారీని జ్ఞాపకం చేసుకొని జర్మన్ భాషలో రాసుకొన్నారు. ఇట్లా వంటలను మాటల్లో నెమరువేసుకోవడాన్ని బందీలు ‘నోటితో వండడం’ అనేవారు.

1944లో అక్కడే మరణించిన మినా, చేతితో కుట్టిన ఆ పుస్తకాన్ని తన కుమార్తెకు చేర్చమని ఒక మిత్రునికి అప్పగించారు. అది చేతులు మారి 1969లో న్యూయార్క్‌లోని కుమార్తెను చేరింది. 1996లో కారా డి సిల్వా సంపాదకత్వంలో ఆంగ్లానువాదం వెలువడింది.

ఈ వంటల్లో కొన్నింట ముఖ్యమైన సరుకుల పేర్లే లేవు; కొన్నింట క్రమం తారుమారైంది. పాకశాస్త్ర దృష్టికి దోషాలైన ఇవి చరిత్రకారునికి సాక్ష్యాలు. ఆకలి జ్ఞాపకశక్తిని సైతం ఎంతగా దెబ్బతీసిందో ఇవి తెలుపుతున్నాయి.

దీనిని చికిత్స అనవచ్చునా? తెరెజిన్‌లోను, తరువాత ఇతర శిబిరాల్లోను బందీగా ఉన్న మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ తిండిని గురించిన ముచ్చట్లను ప్రమాదకరమైనవిగా భావించారు. అతి తక్కువ తిండికి ఎట్లాగో అలవాటుపడిన శరీరాన్ని రుచుల వర్ణనతో రెచ్చగొట్టడం తగదని ఆయన వాదన. ఈ ఆక్షేపణ బలమైనది. కాని అది తినడాన్ని ఊహించుకోవడానికే వర్తిస్తుంది. మినా పుస్తకం మరొకరికి అప్పగించడానికి ఉద్దేశించినది. పంచిపెట్టే గంజికోసం వరుసలో నిలబడవలసివచ్చిన స్త్రీ, ఈ రాతలో మళ్లీ వడ్డించే స్థానంలో నిలిచింది. ఆ రాత ఎవరి ఆకలినీ తీర్చలేదు, మినా ప్రాణాన్నీ నిలపలేదు. అది నిలిపినది తల్లిగా, గృహిణిగా ఆమెకున్న స్థానాన్ని. వంటలోని చికిత్సాగుణాన్ని రుచిలోకన్న వడ్డనలో వెదకవలసి ఉన్నదని తెరెజిన్ పుస్తకం సూచిస్తున్నది.