గండికోటలో విడిది: నాటి డేరాలు, నేటి జలాశయం

మన సంఘం ప్రత్యేక సంచికకు కడప జిల్లా చరిత్ర మీద ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. శాసనాలు, వంశావళులు మాత్రమే కాకుండా సభ్యుల ఇళ్ళలో పిల్లలు కూడా చదివేలా ఉండాలని ఒక షరతు కూడా పెట్టారు. అదే వారంలో బెంగుళూరులో ఉన్న మా పెద్దవాడు ఫోను చేసి, వచ్చే చలికాలంలో అందరం కలిసి మాల్దీవులకు పోదామని, సముద్రం నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన విల్లాలో నాలుగు రాత్రులు ఉందామని ప్రతిపాదించాడు. ఒక రాత్రి అద్దె ఎంత అని అడిగాను. వాడు చెప్పిన అంకె నా నెల పింఛను కంటె ఎక్కువ. పిల్లవాడి ముచ్చట కాదనటం ఎందుకని ఊరుకున్నాను గాని, నీటిమీద విడిది అనే మాట మాత్రం మనసులో నిలిచిపోయింది. ఉద్యోగకాలంలో జమ్మలమడుగు ప్రాంతంలో సర్వే గొలుసు వెంట తిరిగినవాణ్ణి కనుక, ఆ మాట వినగానే నాకు గుర్తుకు వచ్చింది గండికోట.

ముందుగా ఈ నీటి విల్లాల పుట్టుక గురించి రెండు మాటలు. ఇదేదో రాజుల కాలం నాటి భోగమని చాలామంది అనుకుంటారు. కాదు. 1967లో పసిఫిక్ మహాసముద్రంలోని రాయియాతియా అనే ద్వీపంలో ముగ్గురు అమెరికన్లు హోటలు పెట్టారు. వాళ్ళకు దొరికిన స్థలానికి ఇసుక తీరం లేదు. తీరం లేని హోటలుకు ఎవరు వస్తారు? అందుకని అక్కడి జాలరుల గుడిసెల పద్ధతిలో నీళ్ళలోనే గుంజలు పాతి గదులు కట్టారు. లోటును కప్పిపుచ్చటానికి చేసిన ఉపాయమే తరువాత విలాసమయింది. మాల్దీవులలో యాత్రిక వ్యాపారం 1972లో మొదలయింది. ఈ నీటి ఇళ్ళు ఆ తరువాత అక్కడికి పాకాయి.

నీటి నడుమ విడిది మనకు తెలియనిది కాదు. తిరుమల పుష్కరిణిలో నీరాళి మంటపం చూడనివారు మనలో ఎవరున్నారు? కాకపోతే మనవాళ్ళు ఆ వైభోగం దేవుడికి కేటాయించి, తాము గట్టున మెట్ల మీద కూర్చున్నారు.

ఇక గండికోట. ఈ పేరు వినగానే చాలామందికి 1969లో వచ్చిన రామారావు గారి ‘గండికోట రహస్యం’ గుర్తుకు వస్తుంది. ఆ జానపద కథకూ ఈ కోట చరిత్రకూ సంబంధం లేదు. గండి అంటే కొండను కోసుకుని నది పారే సందు. నందికొండల్లో పుట్టిన పెన్న ఎర్రమల కొండలను ఇక్కడ నిలువునా కోసింది. రెండు వైపులా ఎర్రని రాతి బండలు ఇటుకలు పేర్చినట్టుగా ఉంటాయి. ఇది నల్లరాయి అని వ్రాసేవారున్నారు. నిజానికి ఇసుకరాయి గట్టిపడగా ఏర్పడిన రాయి. గండికోట కైఫియతు ప్రకారం కోటకు మొదటి పునాది క్రీ.శ. 1123లో కాకరాజు వేశాడు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో అది గొప్ప దుర్గమయింది. కృష్ణదేవరాయల కొలువులో పేరుపొందిన పెమ్మసాని రామలింగనాయుడు ఆ వంశం వాడే.

ఈ కోటలో విడిది చేసిన యాత్రికులలో ప్రసిద్ధుడు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే. అతడు 1652 జూలైలో మచిలీపట్నంలో ఓడ దిగి, మద్రాసు మీదుగా ప్రయాణం చేసి, సెప్టెంబరు 1న గండికోట చేరాడు. విహారానికి వచ్చినవాడు కాదు. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలు, రత్నాలు ముందు మీర్ జుమ్లాకు చూపించాలి. మీర్ జుమ్లా అప్పుడు గోల్కొండ మంత్రి, సేనాని. పారశీక దేశం నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చినవాడు. చినతిమ్మానాయుడి చేతిలోని గండికోటను అతడు పట్టుకున్నాడు. మూడు నెలల ముట్టడి పట్టిందని తావెర్నియే వ్రాశాడు. నాయుణ్ణి విషం పెట్టి చంపారని, మంత్రి పొదిలి లింగన్న మోసగించాడని మన ప్రాంతంలో కథలుగా చెప్పుకుంటారు.

తావెర్నియే కళ్ళతో చూసినది మాత్రం నేటికీ చదవదగినది. కోటకు పోయే దారి ఒక్కటే; ఒక పక్క లోయ, అడుగున నది. కొన్నిచోట్ల దారి ఏడెనిమిది అడుగులకు మించి లేదు. పైకి చేరితే చిన్న మైదానం, ఊటనీళ్ళతో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయి. నవాబు తన గుడారంలో కూర్చుని కొలువు తీర్చిన తీరు చూసి అతడు ఆశ్చర్యపోయాడు. జవాబు చెప్పవలసిన ఉత్తరాలను మీర్ జుమ్లా ఎడమచేతి వేళ్ళ సందుల్లోనూ, కాలి వేళ్ళ సందుల్లోనూ గుచ్చిపెట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుమాస్తాలకు జవాబులు చెప్పి వ్రాయించేవాడట. ఫైళ్ళు, తపాళ్ళు, పెండింగు కాగితాలతో ముప్పయ్యేళ్ళు గడిపిన మనకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. కాలి వేళ్ళు కూడా పనికివస్తాయని మన ఆఫీసుల్లో ఎవరికీ తోచలేదు, అంతే.

ఫిరంగుల సంగతి కూడా చెప్పాలి. బూర్జ్ పట్టణం నుంచి వచ్చిన మాయ్ అనే ఫ్రెంచివాడికి ఇరవై ఫిరంగులు పోతపోసే పని నవాబు అప్పగించాడు. రాగి కోసం గుడులలోని విగ్రహాలను తెప్పించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత కాచినా కరగలేదని, చివరికి ఆ మాయ్ ఒక్క ఫిరంగి కూడా సరిగా పూర్తి చేయలేక వెళ్ళిపోయాడని తావెర్నియే కథనం. ఎందుకు కరగలేదో ఎవరికి తోచిన కారణం వారు చెప్పుకోవచ్చు. మాధవరాయస్వామి గుడి నేటికీ కోటలో గోపురంతో నిలిచి ఉంది. గర్భగుడిలో మాత్రం స్వామి లేడు. ఆ మూర్తిని మైదుకూరుకు తరలించారని పెద్దలు చెబుతారు. గుడికి కొద్ది దూరంలో జుమ్మా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, జైలు, కోనేరు. మసీదు మెట్ల మీద కూర్చుంటే గుడి గోపురం కనిపిస్తుంది.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పేస్తాను. గోల్కొండ పాలనలో గండికోట ఒక సర్కారుకు ముఖ్యస్థానం. ఆపైన కడప నవాబులు, హైదరాలీ, టిప్పు. టిప్పుతో జరిగిన మూడవ యుద్ధంలో ఇంగ్లీషువారు దీన్ని పట్టుకున్నారు. 1800లో దత్తమండలాలు కుంపినీ పరమయ్యాయి, మన్రో కలెక్టరయ్యాడు. కోటతో ఇక ఎవరికీ పని లేకపోయింది. ఎవరికీ పని లేకపోవటం చేతనే ఇంతమాత్రమైనా మిగిలింది.

ఇప్పుడు నీటి సంగతి. కోట మీది జనం చరిత్ర పొడుగునా నీటిని దాచుకుని బ్రతికారు. లోయలో నది, మూడు వందల అడుగుల కింద, చేతికి అందదు. అందుకే పైన రాయల చెరువు, కోనేరు. మా ఉద్యోగకాలంలో వేసవిలో పెన్న అక్కడ బండల మధ్య మడుగులు మడుగులుగా ఉండేది. ఈనాడు చూసేవారికి లోయలో నీలంగా నిండుగా కనిపించే నీరు కేవలం పెన్న వాననీరు కాదు. లోయకు కింది వైపున మైలవరం జలాశయం, సుమారు 10 టి.ఎం.సి.లు. పై వైపున గాలేరు–నగరి పథకం కింద కట్టిన గండికోట జలాశయం, 26.85 టి.ఎం.సి.లు. శ్రీశైలం వెనుక నిలిచిన కృష్ణ నీరు పోతిరెడ్డిపాడు తూముల నుంచి గోరుకల్లు, అవుకు మీదుగా సొరంగాలు దాటి ఇక్కడికి వస్తుంది. కరువు సీమలో పుట్టి పెరిగినవాడికి ఇది కంటితో చూసినా నమ్మశక్యం కాని మాట. ఈ నీటిని నేను తక్కువ చేయను. మా తాతలు దీని కోసం మొక్కని దేవుడు లేడు.

అయితే ఆ నీటికి చోటు ఇచ్చినవారు ఉన్నారు. జలాశయం కింద 22 గ్రామాలు ముంపుకు గురయ్యాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు జనం, పరిహారం పూర్తిగా అందేవరకు ఊరు విడువమని రోడ్డు మీద కూర్చున్నారు. నీరు వీధుల్లోకి వచ్చింది. మా చెల్లెలి అత్తవారి ఊరు కూడా ముంపు గ్రామాలలో ఒకటి. వేపచెట్టు, రాతి అరుగులు, మిద్దె, గాదె, అన్నీ ఉన్న ఇల్లు. సామాను ట్రాక్టరుకు ఎత్తినా గుమ్మం ఊడదీయటానికి టైము దొరకలేదు. మాల్దీవుల ప్రయాణం సంగతి నేను మా బావతో అన్నప్పుడు ఆయన నవ్వి, “నీళ్ళ మీద ఇల్లు చూసేదానికి అంత దూరం యాల బావా? నీళ్ళ కింద మాకొక ఇల్లుండాది” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా చెల్లెలు ఇప్పటివరకు ఆ కట్ట మీదికి వెళ్ళి నీరు చూడలేదు. పునరావాస కాలనీలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు చూస్తే చాలంటుంది.

ఈ లోయ అంచున ఇప్పుడు పెద్ద హోటళ్ళు రాబోతున్నాయి. 2023 జూలై 9న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహనరెడ్డి గారు గండికోటలో ఒబెరాయ్ సంస్థ హోటలుకు శంకుస్థాపన చేశారు. 2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి రూ. 77.91 కోట్లు మంజూరు చేసింది. మంచిదే. జమ్మలమడుగు పిల్లలకు ఉద్యోగాలు రావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. ముంపు గ్రామాల పిల్లలను మొదటి వరుసలో తీసుకోవాలన్నది నా అభిప్రాయం. మన సంఘం ఒక తీర్మానం చేసి కలెక్టరు గారికి పంపితే బాగుంటుందని కూడా మనవి చేస్తున్నాను.

మా మనుమడు ఒక ప్రశ్న వేశాడు. మాల్దీవులలో లాగా మన గండికోట నీళ్ళలోనే విల్లాలు కట్టవచ్చు కదా తాతా అని. తెలివైన ప్రశ్న. కట్టటం కుదరదని చెప్పాను. మాల్దీవులలో పగడపు దిబ్బ లోపల నీరు లోతు తక్కువ, అలలు తక్కువ. ఆటుపోట్లకు మట్టం సుమారు ఒక మీటరు మాత్రమే మారుతుంది. గుంజ ఎంత పొడుగుండాలో ముందే లెక్క కట్టవచ్చు. జలాశయం అలాంటిది కాదు. పైర్లకు నీరు వదలినకొద్దీ మట్టం పదుల అడుగులు దిగుతుంది, వరద వస్తే అంతా ఎక్కుతుంది. ఆగస్టులో నీటిమీద ఉన్న గది మే నెలలో బురదమీద ఉంటుంది. పైగా అది తాగునీరు, సాగునీరు. లోయ గోడల మీద రాయి పగుళ్ళు పగుళ్ళుగా ఉంటుంది, అంచున బరువు పెట్టేముందు పదిసార్లు ఆలోచించాలి. తెలుగునాట నీటి నడుమ బస కావాలంటే ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు దీవులున్నాయి. అది కాకతీయులు తవ్వించిన చెరువు, అక్కడ పర్యాటక శాఖ గదులు కూడా ఉన్నాయి.

మాల్దీవులకే పోదలచిన సభ్యులకు నాలుగు మాటలు, మా వాడి దగ్గర ఆరా తీసినవి. భారతీయులకు ముందుగా వీసా అక్కరలేదు, దిగినచోటే ఉచితంగా ఇస్తారు. పాస్‌పోర్టు గడువు మాత్రం చూసుకోండి. గది అద్దె చూసి మురిసిపోవద్దు. విమానాశ్రయం నుంచి ద్వీపానికి స్పీడుబోటు లేదా నీటివిమానం ఖర్చు వేరు, పన్నులు వేరు, తలకు రాత్రికి ఇంతని పర్యావరణ రుసుము వేరు. ద్వీపంలో ఇంకో కొట్టు, ఇంకో హోటలు ఉండవు కనుక భోజనం కలిపి మాట్లాడుకోవాలి. శాకాహారులు ముందే వ్రాసి పంపాలి. విల్లా నుంచి నీళ్ళలోకి దిగే నిచ్చెన నిటారుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులవారు గమనించాలి. బి.పి., షుగరు మందులు నాలుగు రోజులకు పోతే పది రోజులవి తీసుకుపోవటం మేలు. ఆస్పత్రి పక్క వీధిలో ఉండదు.

గండికోటకు ఇంత హడావిడి లేదు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. 2016 నుంచి నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం మీద జమ్మలమడుగులో స్టేషను ఉంది. మద్రాసు, గుంతకల్లు వైపు నుంచి వచ్చేవారు ముద్దనూరులో దిగవచ్చు. పర్యాటక సంస్థవారి హరిత హోటలు కోటకు దగ్గరే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. వేసవిలో ఆ బండల మీద నిలబడలేరు. కోట ద్వారం నుంచి గుడి, మసీదు, ధాన్యాగారం వరకు నడక చదునుగానే ఉంటుంది, ముసలివారికి ఇబ్బంది లేదు. లోయ అంచు దగ్గర మాత్రం బండలు ఎక్కి దిగాలి. అక్కడ అన్నిచోట్లా కటకటాలు లేవు, పిల్లల చెయ్యి వదలకండి. పొద్దు పొడిచే వేళకు చేరుకుంటే రాతి రంగు బాగా తెలుస్తుంది. మంచినీళ్ళు, గొడుగు వెంట ఉండాలి. రెండో రోజు ఉంటే బెలుం గుహలు చూసి రావచ్చు.

మా ఇంట్లో చివరికి జరిగిన ఏర్పాటు ఏమంటే, మాల్దీవులకు కొడుకు, కోడలు, పిల్లలు వెళతారు. మేమిద్దరం డిసెంబరులో హరితలో రెండు గదులు తీసుకుంటున్నాము. రెండో గది మా చెల్లెలికీ బావకూ. ఆమె వస్తానని ఇంకా అనలేదు. కోట వైపు మాత్రమే తిరుగుదాము, కట్ట వైపు కారు పోనివ్వను అని చెప్పించాను. సంక్రాంతి లోపల ఆ వైపు వచ్చే సభ్యులు ముందుగా ఒక కార్డు ముక్క వ్రాస్తే, మసీదు మెట్ల దగ్గర ఉదయం ఏడు గంటలకు కలుసుకోవచ్చు. రాయల చెరువు దాకా నేనే వెంట వచ్చి చూపిస్తాను.