అమ్మానాన్నల్ని అమెరికా తెచ్చుకోవచ్చా? స్టేటస్, స్పాన్సర్‌షిప్, మన ఇంటి కాగితాలు

ఎంఎస్ చదవడానికి అమెరికా వచ్చిన మన వాడల పిల్లలు మొదటి నెలలో నన్ను అద్దె గది గురించి, క్యాంపస్‌లో పని గురించి అడుగుతారు. ఏడాది తిరిగేసరికి ప్రశ్న మారుతుంది. "అక్కా, అమ్మను ఇక్కడికి తెచ్చుకోవచ్చా?" నేను వలసల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, నేనూ ఎఫ్-1 వీసా మీదే ఉన్నాను. లాయర్‌ను కాను. కానీ ఇదే ప్రశ్నకు ఫోన్‌లో ఎన్నోసార్లు జవాబు చెప్పాక, తెలిసినంత ఒకచోట రాసిపెట్టాలనిపించింది.

ఎవరు ఎవరిని తేగలరు?

ఎఫ్-1 విద్యార్థి తన భార్యను లేదా భర్తను, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లల్ని ఎఫ్-2 మీద తెచ్చుకోవచ్చు. ఎఫ్-2 మీద వచ్చినవాళ్లు ఉద్యోగం చేయకూడదు. విద్యార్థి హెచ్-1బీకి మారితే వాళ్లది హెచ్-4 అవుతుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు ఈ చట్టం దృష్టిలో 'కుటుంబం' కారు. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా జీవిత భాగస్వామికి, పెళ్లికాని పిల్లలకే స్పాన్సర్ చేయగలం. అమ్మానాన్నల కోసం ఐ-130 వేయాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి, వయసు 21 నిండాలి. అలాంటి పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఉంది. భారతీయులకు సంబంధించి ఆ క్యూ 2025లో ఇంకా 2006లో వేసిన దరఖాస్తుల దగ్గరే ఉంది.

మరి పౌరసత్వం ఎప్పుడొస్తుంది? మామూలుగా గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది? ఒక దేశంలో పుట్టినవాళ్లకు ఏడాదిలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల, ఉద్యోగం ద్వారా ఈబీ-2, ఈబీ-3 కింద అడిగిన భారతీయుల్లో 2012, 2013 నాటివాళ్లకు 2025లో వంతు వచ్చింది. ఇవాళ ఎంఎస్‌లో చేరినవాళ్లు తమ తల్లి వయసు ఒకసారి లెక్కేసుకోవాలి. అప్పుచేసి పిల్లల్ని పంపే ఇళ్లకు కన్సల్టెన్సీలు ఈ లెక్క చెప్పగా నేను వినలేదు.

కనీసం చూడ్డానికి రావచ్చు కదా?

రావచ్చు, బీ-2 వీసా మీద. దిగినప్పుడు సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. చిక్కు ఇంటర్వ్యూలో ఉంది. అమెరికా చట్టంలోని 214(బి) ప్రకారం ప్రతి సందర్శకుణ్నీ ఇక్కడే ఉండిపోయే మనిషిగానే ముందు అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది దరఖాస్తుదారే. భూమి, బ్యాంకు నిల్వ, వ్యాపారం చూపించి పెద్ద రైతు కుటుంబాలు ఆ పని సులువుగా చేస్తాయి. కూలికి వెళ్లే అమ్మ ఏం చూపిస్తుంది? చట్టంలో కులం మాట ఎక్కడా లేదు. కానీ తరతరాలుగా భూమి దక్కని ఇంటికి ఈ పరీక్ష మిగతావాళ్లకన్నా కష్టమే. ఇంటి పన్ను రసీదు, పింఛను కాగితం, ఊళ్లో ఉన్న మిగతా పిల్లలు, చూసుకోవాల్సిన ముసలివాళ్లు, ఇవన్నీ తిరిగి వెళ్లడానికి కారణాలే. అడిగితే సూటిగా చెప్పమనండి. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

వచ్చాక చూసుకోవాల్సింది పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు కాదు, ఐ-94లో ఉన్న తేదీ. ఆ తేదీ దాటి 180 రోజులకు మించి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

కాగితాల సంగతి

స్పాన్సర్‌షిప్‌లో మనవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది ఇక్కడే. అమ్మకు స్పాన్సర్ చేయాలంటే ఆమె పేరున్న మీ జనన పత్రం కావాలి. నాన్నకైతే దాంతోపాటు వాళ్లిద్దరి పెళ్లి పత్రం కూడా. వీసా దశలో వాళ్ల సొంత జనన పత్రాలూ అడుగుతారు. ఇంట్లో మంత్రసాని పురుడుపోసిన మనిషికి, ఊరి చివర పందిరి కింద తాళి కట్టించుకున్న మనిషికి ఆ పత్రాలు ఎక్కణ్నుంచి వస్తాయి?

దారి లేకపోలేదు. జనన రిజిస్టర్ ఉండే కార్యాలయం నుంచి ముందు 'నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్' తీసుకోవాలి. దానికి పాత స్కూలు రికార్డు, చర్చి బాప్తిస్మ రిజిస్టర్ లాంటివి జతచేయాలి. ఆ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరు, అంటే పెద్దమ్మో పొరుగింటి ముసలమ్మో, అఫిడవిట్ ఇవ్వొచ్చు. ఏడాది దాటిన జననాన్ని ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు కూడా. 2023 సవరణ తర్వాత కలెక్టరో ఆర్డీవోనో అందుకు ఉత్తర్వు ఇస్తారు. అయితే నిన్నమొన్న తీసిన పత్రం ఒక్కటే పెడితే అనుమానిస్తారు, పాత ఆధారం తోడుండాలి. ఆ ముసలివాళ్లు బతికుండగానే అఫిడవిట్లు రాయించుకోండి.

ఇంకో చిక్కు రెండు పేర్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతానికి ముడిపెట్టింది. చర్చిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు మన ఇళ్లలో ఉండడానికి అదీ ఒక కారణమే. మా ఇంట్లో అమ్మమ్మకు మూడున్నాయి. ఫారంలో 'వాడిన ఇతర పేర్లు' అని ఒక గడి ఉంటుంది. అన్నీ అక్కడ రాయండి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ పెట్టండి. ఈ ఫారాలు కులం అడగవు. డీఎస్-160లో 'క్లాన్ లేదా ట్రైబ్' ప్రశ్న చూసి కొందరు కంగారుపడతారు, అది షెడ్యూల్డ్ కులాల గురించి కాదు. టౌన్‌లో ఏజెంటు దొంగ సర్టిఫికెట్ ఇస్తానంటే మాత్రం వద్దు. అబద్ధం బయటపడితే ఆ మనిషి ఎప్పటికీ అమెరికా రాకుండా నిషేధం పడొచ్చు.

డబ్బు సంగతి: ఐ-864 మీద సంతకం చేసే స్పాన్సర్ ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో మీరు, అమ్మ, నాన్న కలిపి ముగ్గురికి ఏడాదికి సుమారు 33,300 డాలర్లు. తక్కువైతే పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయిన ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా నిలబడొచ్చు, బంధువే కానక్కర్లేదు. సంతకం పెట్టేవాళ్లు దొరకడానికి పెద్ద కులాలకు వాళ్ల సంఘాలు, చుట్టాలు ఇక్కడ ముందునుంచే ఉన్నారు.

కులాంతర పెళ్లి, హెచ్-4 భార్య

కులాంతర జంటలు డిపెండెంట్ వీసాకు పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం చూపాలి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని కార్యాలయంలో అంటిస్తారు. అమ్మాయి ఇంట్లో తెలిస్తే ప్రమాదమనుకునే జంటలు ప్రయాణం తేదీ కన్నా ముందు ఈ నెల రోజుల గురించి ఆలోచించుకోవాలి.

విడాకులైతే హెచ్-4 స్టేటస్ పోతుంది. కొట్టే భర్తల చేతిలో ఇదొక ఆయుధం. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితే వావా చట్టం కింద భార్య అతనికి తెలియకుండానే సొంతంగా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. భర్త హెచ్-1బీలో ఉంటే ఆ దారి లేదు. కానీ హింసకు గురైన హెచ్-4 భార్య పని అనుమతి అడగొచ్చు. పోలీసులకు సహకరించిన బాధితులకు యూ వీసా ఉంది, అయితే ఏడాదికి 10,000 మాత్రమే.

ఆఫీసులో కులవివక్ష మీద ఫిర్యాదు చేస్తే స్టేటస్ పోతుందా?

ఫిర్యాదు వల్ల పోదు. ఉద్యోగం పోతే మాత్రం హెచ్-1బీ మనిషికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోపు కొత్త యజమాని దరఖాస్తు వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. భార్యాపిల్లల స్టేటస్ కూడా దాంతోనే పోతుంది. మేనేజర్ కులం అడిగినా చాలామంది నోరు విప్పకపోవడానికి కారణం ఈ 60 రోజులే. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను పేరుపెట్టి నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. ఫిర్యాదు చేయాలనుకునేవాళ్లు మెయిళ్లు, మెసేజ్‌లు, తేదీలు దాచుకుని, ఉద్యోగం ఉండగానే లాయర్‌ను కలవాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా దొరుకుతుంది. అమెరికాలో 'నోటరీ' బోర్డు పెట్టుకున్నవాళ్లు లాయర్లు కారు, కేసు వాళ్ల చేతిలో పెట్టకండి.