ఫ్రాంకెన్‌స్టైన్‌ని మోసినవాడు

1931 నవంబరులో విడుదలైన 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా మొదట్లో నటీనటుల పట్టిక పడుతుంది. ప్రతి పాత్రకీ ఎదురుగా నటుడి పేరు ఉంటుంది. రాక్షసుడి పాత్రకి ఎదురుగా మాత్రం ప్రశ్నార్థకం ఒక్కటే. ప్రేక్షకుల్లో కుతూహలం రేపడానికి యూనివర్సల్ స్టూడియో వేసిన ఎత్తు అది. బల్లపరుపు తల, బరువెక్కిన రెప్పలు, మెడకి రెండు పక్కలా ఇనుప మరలు - సినిమా చూడనివాళ్లు కూడా గుర్తుపట్టే ఆ రూపం వెనక ఉన్నది బోరిస్ కార్లాఫ్. ఆ రూపం కోసం అతని ఒళ్లు ఎంత నలిగిందో చెప్పకుండా ఈ సినిమా చరిత్ర పూర్తికాదు.

కథ పుట్టుక ఇంకా వెనకటిది. 1815లో ఇప్పటి ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ప్రభావంతో మరుసటి ఏడు యూరప్‌కి వేసవే రాలేదు. 1816లో జెనీవా సరస్సు ఒడ్డున, ముసురు పట్టి ఇల్లు కదలలేని రోజుల్లో, తలా ఒక దయ్యం కథ రాద్దామన్నాడు కవి బైరన్. అక్కడున్న పద్దెనిమిదేళ్ల మేరీ (తర్వాత మేరీ షెల్లీ) మొదలుపెట్టిన కథ 1818లో నవలగా అచ్చయింది, రచయిత్రి పేరు లేకుండానే. 1823లో లండన్‌లో నాటకం కట్టినప్పుడు పాత్రల పట్టికలో రాక్షసుడి పేరు ఉండాల్సిన చోట ఉత్త గీతే గీశారు. 1910లో ఎడిసన్ సంస్థ దీన్ని చిన్న మూకీ చిత్రంగా తీసింది. 1931 సినిమా టైటిల్స్‌లో కూడా మేరీకి సొంత పేరు దక్కలేదు. పెర్సీ బి. షెల్లీ గారి భార్య అనే వేశారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 'డ్రాకులా' యూనివర్సల్‌కి బాగా డబ్బు తెచ్చింది. స్టూడియో యజమాని కొడుకు, ఇరవై మూడేళ్ల కార్ల్ లెమ్లీ జూనియర్, వెంటనే ఇంకో భయానక చిత్రం కావాలన్నాడు. డ్రాకులాగా పేరు తెచ్చుకున్న బేలా లుగోసీని మొదట అనుకున్నా అది కుదరలేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన దర్శకుడు జేమ్స్ వేల్ కన్ను స్టూడియో భోజనశాలలో కార్లాఫ్ మీద పడింది.

కార్లాఫ్‌కి అప్పటికి నలభై మూడేళ్లు. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. పుట్టింది లండన్‌లో. తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్నుల శాఖలో ఉద్యోగం చేసినవాడు. కొడుకు మాత్రం కుర్రతనంలోనే కెనడా వెళ్లి, ఊరూరా తిరిగే నాటక బృందాల్లో చేరాడు. తర్వాత హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేశాడు. అవీ దొరకనప్పుడు లారీ తోలాడు, బరువులు ఎత్తి దించాడు. పెద్ద వేషం వస్తే కాదనగల పరిస్థితి అతనికి లేదు. అతని కష్టాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రూపం తీర్చినవాడు మేకప్ కళాకారుడు జాక్ పియర్స్. రాక్షసుడికి మెదడు పెట్టాలంటే పుర్రె పైభాగాన్ని మూతలా కోసి తీయాలి కదా అని ఆలోచించి తలని చదునుగా చేశాడు. దూదిని ఘాటైన కొలోడియన్ ద్రవంతో పొరలు పొరలుగా అంటిస్తూ నుదురు కట్టాడు. నలుపు తెలుపు ఫిల్ములో శవంలా పాలిపోయి కనబడాలని ఆకుపచ్చ ఛాయ రంగు పూశాడు. కళ్లలో జీవం మరీ ఎక్కువగా ఉందని కార్లాఫే అంటే రెప్పల మీద మైనం పెట్టాడు. బుగ్గ లోపలికి పోవడానికి కార్లాఫ్ తన కట్టుడు పళ్లు తీసేశాడు. ఇదంతా వెయ్యడానికి రోజూ దాదాపు నాలుగు గంటలు పట్టేది. తీయడానికి మళ్లీ గంటకి పైనే. బూట్లు ఒక్కోటీ ఆరు కిలోల దాకా ఉండేవి. కాళ్లు వంగకుండా లోపల ఉక్కు పట్టీలు. ఆగస్టు చివరి ఎండల్లో, స్టూడియో దీపాల వేడిలో, మందపాటి దుస్తుల కింద చెమటతో తడిసి ముద్దవుతూ అతను నటించాడు.

రాక్షసుడికి ప్రాణం పోసే ప్రయోగశాల దృశ్యంలో మెరుపులన్నీ కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్ తయారుచేసిన యంత్రాల నుంచి వచ్చినవి. నిజమైన అధిక ఓల్టేజి నిప్పురవ్వలవి. అర్ధనగ్నంగా బల్లకి కట్టేసి ఉన్నప్పుడు, పైన కాలుతున్న కార్బన్ కడ్డీలు ఎక్కడ తన మీద పడతాయోనని హడలిపోయానని కార్లాఫ్ తర్వాత చెప్పాడు.

సెప్టెంబరు చివర్లో మాలిబూ సరస్సు దగ్గర చిన్నపాప దృశ్యం తీశారు. నీళ్లలో వేసిన పువ్వుల్లాగే పాప కూడా తేలుతుందనుకుని రాక్షసుడు ఆమెని నీళ్లలోకి విసురుతాడు. ఆ వేషం చూసి బాలనటి మారిలిన్ హారిస్ జడుసుకుంటుందేమోనని అందరూ అనుకుంటే, ఆమె వచ్చి కార్లాఫ్ చెయ్యి పట్టుకుంది. పాపని విసరడం అతనికి ఇష్టం లేదు. వేల్ పట్టుబట్టి, మళ్లీ ఇంకోసారి కూడా విసిరించాడు. సెన్సారు ఆ ముక్క కోసేయడంతో, పాపకి ఇంకేం ఘోరం జరిగిందోనని జనం ఊహించుకునే పరిస్థితి వచ్చింది. 1980లలో గానీ ఆ ముక్క తిరిగి సినిమాలో చేరలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గాలిమర దృశ్యంలో తగిలింది. తనని సృష్టించిన ఫ్రాంకెన్‌స్టైన్‌ని రాక్షసుడు భుజాన వేసుకుని గుట్ట ఎక్కాలి. ఆ బూట్లతో, ఆ ఉక్కు పట్టీలతో, నటుడు కోలిన్ క్లైవ్‌ని మోస్తూ కార్లాఫ్ ఎక్కాడు. వేల్ తృప్తిపడక మళ్లీ మళ్లీ ఎక్కించాడు. నడుం దెబ్బతింది. తర్వాతి కాలంలో వెన్నుకి ఆపరేషన్లు చేయించుకోవాల్సి వచ్చింది. నొప్పి జీవితాంతం వదల్లేదు. ఒక షూటింగ్ అయితే ఏకబిగిన పాతిక గంటలు నడిచింది. 1935లో వచ్చిన 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రీకరణలో నీళ్లలో పడి అతని తుంటికి దెబ్బ తగిలింది. అయినా సినిమా పూర్తిచేశాడు.

అప్పట్లో నటుడి పనికి వేళాపాళా లేదు. ఇంతసేపే పని, ఇన్ని గంటల విశ్రాంతి, ఈ వేళకి భోజనం అనే నియమమేదీ స్టూడియోలని కట్టిపడేయలేదు. 1933 మార్చిలో ఆర్థికమాంద్యం పేరు చెప్పి స్టూడియోలు జీతాలు సగానికి కోసినప్పుడు కొందరు నటులు ఇళ్లలో రహస్యంగా కలుసుకున్నారు. ఆ ఏడాదే స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పుట్టింది. అందులో తొమ్మిదో సభ్యుడు బోరిస్ కార్లాఫ్. అప్పటికి అతను తార. నోరు మెదపకుండా ఉంటే తన దారి తనకి సాఫీగానే ఉండేది. అయినా ఉద్యోగం పోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని సంఘంలో చేరాడు. 1937లో స్టూడియోలు సంఘాన్ని గుర్తించి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అతను గిల్డ్ పాలకవర్గంలో పనిచేశాడు.

ఈ సినిమా దర్శకుడి ప్రతిభనీ, ఛాయాగ్రహణాన్నీ, పియర్స్ చేతి నేర్పునీ మెచ్చుకోవలసిందే. కానీ కళ కోసం నటుడు నడుం విరగ్గొట్టుకోవడాన్ని త్యాగమని పొగిడి ఊరుకుంటే కార్లాఫ్‌కి అన్యాయం చేసినట్టే. తను పడ్డ బాధ ఇంకో నటుడికి రాకూడదని అతను కోరుకున్నాడు. దానికోసం సంఘం కట్టాడు. తెర మీద రాక్షసుణ్ణి ఎంత గౌరవిస్తామో, తెర బయట ఆ పనినీ అంతే గౌరవించాలి.