గేమింగ్ హెడ్‌సెట్టా, మామూలు హెడ్‌ఫోన్లా? కంప్యూటర్‌కు ఏది తగినదో తేల్చేది మైకే

కంప్యూటర్‌కు హెడ్‌ఫోన్లు కొనదలచినవారికి దుకాణంలో రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి రంగుల దీపాలతో, నోటి ముందుకు వంగిన మైకుతో ఉండే గేమింగ్ హెడ్‌సెట్. రెండవది పాటల కోసం అమ్మే సాదా హెడ్‌ఫోన్. ఆన్‌లైన్ తరగతులు, ఇంటర్వ్యూలు, ఇంటి నుంచి ఉద్యోగం మామూలైపోయాక ఈ ఎంపిక ఆటగాళ్లకే పరిమితమైన విషయంగా మిగలలేదు. గేమింగ్ అన్న మాట చూసి ఉద్యోగి వెనుకాడతాడు, కుర్రవాడు ముచ్చటపడతాడు. నిజానికి ఆ మాట చెప్పేది తక్కువే.

రెండింటిలోనూ శబ్దాన్ని పుట్టించేది డ్రైవర్ అనే చిన్న స్పీకరే. 2014లో వచ్చి పేరు తెచ్చుకున్న హైపర్‌ఎక్స్ క్లౌడ్ హెడ్‌సెట్‌కు మూలం, చైనాలో తయారయ్యే టాక్‌స్టార్ ప్రో 80 అనే స్టూడియో హెడ్‌ఫోన్. సంగీతం కోసం పుట్టిన వస్తువే మైకు తగిలించుకుని ఆటల విపణిలోకి వచ్చిందన్నమాట. అయితే అన్ని గేమింగ్ హెడ్‌సెట్‌లకూ ఇంత మంచి పుట్టుక లేదు. చౌక రకాలలో పేలుళ్లు దద్దరిల్లాలని మంద్రస్థాయిని పెంచుతారు. దానివల్ల పాటలోని గొంతు, పాఠంలోని మాట మసకబారతాయి. ఒకే ధరలో ఉన్నప్పుడు సాదా హెడ్‌ఫోన్‌లో శబ్దం మెరుగ్గా ఉండడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే అక్కడ మైకుకూ దీపాలకూ డబ్బు ఖర్చు కాదు.

మైకు దూరమే అసలు లెక్క

బహిరంగంగా ఒక చోటి నుంచి వెలువడే ధ్వని, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరం పది రెట్లయితే తగ్గుదల 20 డెసిబెల్స్. హెడ్‌సెట్ మైకు పెదవులకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ల్యాప్‌టాప్‌లోని మైకు అర మీటరు అవతల ఉంటుంది. మాట్లాడేవారి గొంతు అక్కడికి చేరేసరికి బాగా పలచబడుతుంది. తలపై తిరిగే ఫ్యాను, వంటింట్లో కుక్కరు కూత, వీధిలో హారను మాత్రం తగ్గవు. గది గోడల ప్రతిధ్వని వల్ల ఈ లెక్క కొంత మారినా, తేడా మాత్రం వినేవారికి వెంటనే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో అవతలివారు ‘మళ్లీ చెప్పండి’ అని పదేపదే అడగడానికి కారణం చాలాసార్లు ఇంటర్నెట్ కాదు, ఈ దూరమే. రోజూ గంటల తరబడి మాట్లాడవలసినవారికి నోటి ముందు మైకు ఉన్న హెడ్‌సెట్ మేలు. అది గేమింగ్‌దైనా, కాల్ సెంటర్ రకమైనా ఫలితం ఒకటే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నవారిని తికమకపెట్టే విషయం మరొకటి ఉంది. పాట వింటున్నంతసేపు శబ్దం చక్కగా ఉంటుంది. మీటింగ్ మొదలవగానే పాత టెలిఫోన్‌లా మారుతుంది. వస్తువు చెడిపోలేదు. సంప్రదాయ బ్లూటూత్‌లో ఏ2డీపీ అనే పద్ధతి స్టీరియో శబ్దాన్ని ఒకవైపే పంపుతుంది. మైకు కూడా పనిచేయాలంటే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారాలి. అందులో సాధారణంగా శబ్దం మోనోగా, సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలతో వస్తుంది; సీడీలో అవి 44,100. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ లోపాన్ని తీర్చగలదు కానీ, కంప్యూటరూ హెడ్‌ఫోనూ రెండూ దాన్ని అందుకోగలగాలి. లేదంటే కంప్యూటర్ సెట్టింగులలో మైకుగా ల్యాప్‌టాప్‌దో, విడి యూఎస్‌బీ మైకో ఎంచుకుంటే హెడ్‌ఫోన్ స్టీరియోలోనే ఉండిపోతుంది.

ఆటలలో బ్లూటూత్ ఆలస్యం కూడా ఇబ్బందే. తెరపై తుపాకీ పేలాక శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు వెనుకబడవచ్చు. అందుకే వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్‌లు తమ సొంత 2.4 గిగాహెర్ట్జ్ యూఎస్‌బీ డాంగిల్‌తో వస్తాయి. తీగ ఉన్నవాటికి ఈ చింతే లేదు.

పెట్టెపై రాసే 7.1 సరౌండ్‌కు ఎక్కువ విలువ ఇవ్వనక్కరలేదు. అధిక శాతం హెడ్‌సెట్‌లలో చెవికి ఒక్క డ్రైవరే ఉంటుంది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ కల్పించే భ్రమ. మనిషి కూడా రెండు చెవులతోనే దిక్కును పోల్చుకుంటాడు. ఆ పనిని వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటలు తమలోనే ఉన్న హెచ్‌ఆర్‌టీఎఫ్ సౌకర్యంతో చేస్తాయి. విండోస్‌లోనూ విండోస్ సోనిక్ ఉచితంగా ఉంది. ఇవన్నీ మామూలు స్టీరియో హెడ్‌ఫోన్‌తోనే పనిచేస్తాయి. పైగా హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌నూ ఆటలోని సౌకర్యాన్నీ ఒకేసారి నడిపితే దిక్కు మరింత గజిబిజి అవుతుంది.

కొనేముందు ప్లగ్గును చూడడం మంచిది. 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గుపై మూడు గీతలుంటే అందులో మైకు కలిసి ఉన్నట్టు, రెండే ఉంటే శబ్దం మాత్రమే. చాలా ల్యాప్‌టాప్‌లకు ఒకే రంధ్రం ఉంటుంది. డెస్క్‌టాప్‌లకు మైకుకు గులాబీ రంగుది, శబ్దానికి ఆకుపచ్చది విడివిడిగా ఉంటాయి. వీటిని కలిపే చిన్న స్ప్లిటర్ లేకపోతే కొత్త హెడ్‌సెట్ మైకు డెస్క్‌టాప్‌లో మూగబోతుంది. స్టూడియో హెడ్‌ఫోన్లలో 250 లేదా 300 ఓమ్‌ల రకాలను యాంప్లిఫయర్ లేకుండా కంప్యూటర్‌కు తగిలిస్తే శబ్దం నీరసంగా వస్తుంది. 32 ఓమ్‌ల రకాలకు సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

మే నెల ఎండల్లో చెవిని పూర్తిగా కప్పే రెగ్జిన్ మెత్తలు చెమటతో తడుస్తాయి. గుడ్డ మెత్తలు కొంత నయం. వెనుకభాగం తెరిచి ఉన్న హెడ్‌ఫోన్లు ఇంకా చల్లగా ఉంటాయి కానీ, ఫ్యాను చప్పుడు లోపలికీ పాట బయటికీ పోతాయి.

ఆ ఫ్యాను చప్పుడును మించి వినబడాలని శబ్దం పెంచడంలోనే చెవికి ముప్పుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్‌కు చేరితే ఆ గడువు 4 గంటలే. రోజుకు నాలుగైదు గంటలు ఆడే పిల్లవాడికి అది ఒక్కరోజుతో తీరిపోతుంది. పిల్లలకు సూచించిన స్థాయి ఇంకా తక్కువ: 40 గంటలకు 75 డెసిబెల్స్. గదిలో రొద ఎక్కువైతే వాల్యూమ్ పెంచడం కన్నా చెవిని బాగా మూసే రకమో, నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నదో ఎంచుకోవడం సురక్షితం.

తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఫ్యాను వేసి, తలుపు తెరిచి ఉంచి, రెండు నిమిషాల మాటను కంప్యూటర్‌లో రికార్డు చేసి వింటే, అవతలివారికి ఏం వినబడుతుందో కొన్నవారికే తెలిసిపోతుంది.