మాస్ట్రిక్ట్ సున్నపురాతిలో దొరికిన సముద్ర సరీసృపం

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పట్టణం చెంత ఉన్న సెయింట్ పీటర్ కొండలో కట్టడాలకోసం మెత్తని సున్నపురాతిని తరతరాలుగా తవ్విన పనివారు, 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో వాడిపళ్లతో కూడిన భారీ దవడలను వెలికితీశారు. అవి మొసలివని కొందరు, తిమింగిలానివని మరికొందరు వాదిస్తుండగానే, 1794లో ఫ్రెంచి సేనలు పట్టణాన్ని గెలిచిన తరువాత, వాటిలో ప్రసిద్ధమైన పుర్రె పారిస్‌కు తరలిపోయింది. అది మొసలీ కాదు, తిమింగిలమూ కాదు, ఉడుములకు దగ్గరి బంధువైన సముద్రపు బల్లి అని 1799 నాటికి డచ్చి శాస్త్రవేత్త అడ్రియాన్ కాంపర్ గుర్తించడం, దానిని ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే సమర్థించడం విజ్ఞాన చరిత్రలో నిజంగా గొప్ప మలుపు. ఎందుకంటే ఒక జీవజాతి భూమిపై నుంచి పూర్తిగా అంతరించగలదన్న, నాడు చాలామందికి మింగుడుపడని ఆలోచనకు అది బలమైన ఆధారమైంది. మాస్ట్రిక్ట్ గుండా పారే మ్యూజ్ నది లాటిన్ పేరును కలిపి 1822లో ఆంగ్ల భూవిజ్ఞాని కానిబేర్ దానికి 'మోససారస్', అంటే మ్యూజ్ బల్లి, అని పేరుపెట్టాడు. క్రెటేషియస్ యుగపు చివరి దశను, అంటే సుమారు 7.2 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి కాలాన్ని, భూవిజ్ఞానులు ఈ పట్టణం పేరిటే మాస్ట్రిక్టియన్ అంటారు.